చామాలో రైలు కంటే ముందు యార్డు చూడండి

అమెరికాలో న్యూ మెక్సికోలోని శాంటా ఫే నుంచి కొలరాడోలోని డురాంగో వెళ్తూ అమ్మానాన్నలతో దారిలోని చామా అనే ఊళ్లో ఆగొచ్చా, అక్కడ చూడ్డానికి ఏముంది అని అడిగారు. పొగబండి ఎక్కి దిగడమే ముఖ్యమైతే డురాంగో–సిల్వర్టన్ రైలు చాలు. పాత రైల్వే ఊరు ఎలా నడిచేదో చూడాలంటే మాత్రం చామాయే. ఇక్కణ్నుంచి కొండల మీదుగా ఆంటొనిటో అనే ఊరికి కంబ్రెస్ అండ్ టోల్టెక్ అనే పొగబండి నడుస్తుంది. శాంటా ఫే నుంచి 84వ నంబరు హైవే మీద సుమారు రెండు గంటలు. రైలుకు ముందురోజు సాయంత్రానికే చేరి రాత్రికి అక్కడే ఉండండి.

ఊళ్లో పెద్దగా తిరిగేదేమీ లేదు, ఉన్నదంతా స్టేషను పక్క యార్డులోనే, అంటే ఇంజన్లు నిలిపి సిద్ధం చేసే చోట. 1880–81లో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ కంపెనీ సిల్వర్టన్ గనుల కోసం ఈ దారిన పట్టాలు వేసింది. చామా ఎత్తు 7,860 అడుగులు. తూర్పున 14 మైళ్లు పోతే కంబ్రెస్ కనుమ, 10,015 అడుగులు. ఎక్కుడు కొన్నిచోట్ల 25 అడుగులకు ఒక అడుగు. అవతల ఆంటొనిటో వైపు నుంచి వస్తే 70 అడుగులకు ఒకటే. అంటే చామా నుంచి బరువుబండి ఎక్కాలంటే సాయానికి ఇంకో ఇంజను (బ్యాంకరు) తగిలించక తప్పదు. ఇంత చిన్న ఊరికి అంత షెడ్డు, బొగ్గు టవరు, రెండు గొట్టాల నీళ్ల ట్యాంకు ఎందుకంటే అందుకే.

ఇంజన్ల మీద 483 నుంచి 489 మధ్య నంబర్లు కనిపిస్తే అవి కె-36 రకం, 1925లో బాల్డ్విన్ కంపెనీ చేసినవి. 36 అంటే లాగే శక్తి, 36 వేల పౌండ్ల పైచిలుకు. పట్టాల మధ్య దూరం 3 అడుగులు. పాత గుంటూరు–నంద్యాల మీటరు గేజి ఎరిగిన నాన్నలకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, దానికంటే మూడంగుళాలు తక్కువ. మంచు చిమ్మే రోటరీ బండిని కూడా వదలకండి. దాని బాయిలరు ముందున్న చక్రాన్ని తిప్పడానికే, బండి కదలడానికి కాదు. వెనక నుంచి వేరే ఇంజన్లు నెట్టాల్సిందే.

పొద్దున రైలు బయల్దేరే ముందు బొగ్గు, నీళ్లు, ఇసుక ఎక్కిస్తారు. ఇసుక దేనికని పిల్లలు అడుగుతారు. ఎక్కుడులో చక్రం జారితే పట్టా మీద చల్లడానికి. అది పనిచేసే యార్డు, కాబట్టి పట్టా మీద కాలు పెట్టొద్దు, నూనె మరకలకు జర్రున జారుతుంది. ఇంజను వెనక్కి కూడా వస్తుంది, రెండు పక్కలా చూసి దాటండి.

టికెట్ దగ్గరే చాలామంది పొరబడతారు. ఆంటొనిటోలోనూ స్టేషనుంది, రోడ్డు మీద దాదాపు 50 మైళ్ల అవతల. ఎక్కే ఊరు ఏదో, తిరుగు ప్రయాణం రైలా బస్సా అన్నది చూసుకుని కొనండి. చామా నుంచి ఎక్కితేనే ఇంజను ఆయాసం వినపడుతుంది. రైళ్లు మామూలుగా మే ఆఖరు నుంచి అక్టోబరు దాకానే.

ఓపెన్ బోగీలో బొగ్గు నుసి కళ్లలో పడుతుంది. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకోండి, తెల్లబట్టలు వద్దు. జులైలోనూ కనుమ దగ్గర స్వెట్టరు కావాలి. భోజనం దారిలో ఓసియర్ అనే మజిలీలో, టికెట్లోనే కలిపి ఉంటుంది. శాకాహారులైతే ముందే అడగండి, లేదా పులిహోర కట్టుకోండి. అమ్మానాన్నలకు బీపీ, ఆయాసం ఉంటే ఈ ఎత్తు గురించి డాక్టరును అడిగాకే బుక్ చేయండి. కొండల్లో సిగ్నల్ ఉండదు, టికెట్ కాగితం మీద ప్రింటు తీసి పెట్టుకోండి.