మాస్కును నొక్కకు, దవడను ఎత్తు

అమ్మా,

నిన్న ఆపరేషన్ థియేటర్‌లో, మత్తిచ్చిన పేషెంట్‌కు మాస్కు, బ్యాగుతో ఊపిరి అందిస్తుంటే నీ ఎడమచెయ్యి వణకడం చూశాను. వేళ్లు తెల్లబడేంతగా మాస్కును నొక్కిపట్టావు, అయినా ఛాతీ లేవలేదు. మొదటి ఏడాదిలో నేనూ ఇదే తప్పు చేసి ఒక పేషెంట్ శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోయేదాకా తెచ్చుకున్నాను. మా సీనియర్ వచ్చి దవడ ఎత్తగానే బ్యాగు తేలిగ్గా కదిలింది. ఆ క్షణం ఇప్పటికీ మరిచిపోలేదు.

పైనుంచి నొక్కితే దవడ వెనక్కి పోతుంది, నాలుక గొంతుకు అడ్డం పడుతుంది. బొటనవేలు, చూపుడువేలు ‘సీ’ ఆకారంలో మాస్కును పట్టి ఉంచితే చాలు. మిగతా మూడు వేళ్లతో దవడ ఎముకను పట్టుకుని ముఖాన్నే మాస్కులోకి లేపు. చిటికెనవేలు దవడ మూల వెనక కొక్కెంలా పడాలి. వేళ్లు ఎముక మీదే ఉండాలి సుమా, గడ్డం కింద మెత్తని చోట కాదు. పసిపిల్లల్లో అక్కడ కొంచెం నొక్కినా నాలుక పైకి లేచి దారి మూసుకుపోతుంది.

బ్యాగు చెప్పేది విను. నొక్కగానే మెత్తగా ఖాళీ అయిపోతూ పక్కన బుస్సుమంటే లీకు. రాయిలా ఎదురుతిరిగితే ఎక్కడో అడ్డు ఉంది; అప్పుడు ఇంకా గట్టిగా పిండకు. ఒత్తిడి 20 సెంటీమీటర్ల నీటి మట్టం దాటితే గాలి పొట్టలోకి పోవడం మొదలవుతుంది. తల సర్దు, దవడ ఎత్తు, మత్తు చాలిందో లేదో చూడు, చాలితే నోట్లో ఎయిర్‌వే (నాలుక అడ్డుపడకుండా ఉంచే వంకర గొట్టం) పెట్టు. పైపై మత్తులో పెడితే స్వరపేటిక బిగుసుకుపోవచ్చు. నోటి మూల నుంచి దవడ మూల దాకా కొలిచి సైజు ఎంచుకో. పొట్టిదైతే అదే నాలుకను వెనక్కి తోస్తుంది.

అప్పటికీ కుదరకపోతే రెండు చేతులతో మాస్కు పట్టుకుని, బ్యాగు పక్కవాళ్లకివ్వు. ఇందులో చిన్నతనమేమీ లేదు. రెండు అరచేతుల బొటనవేలి మొదలు మాస్కు అంచుల మీద ఆనించి, వేళ్లతో దవడను ముందుకు లాగితే ఒంటిచేతి పట్టుకన్నా ఎంతో బాగా కుదురుతుంది. ఛాతీ లేవడంతోనే సరిపెట్టుకోకు, బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే కాప్నోగ్రాఫ్‌లో చదునైన తల ఉన్న గీత కనబడాలి.

మత్తుకు ముందు 3 నిమిషాల ఆక్సిజన్ మాత్రం ఎవరు తొందరపెట్టినా తగ్గించకు. బయటికొచ్చే గాలిలో ఆక్సిజన్ 90 శాతం చేరాలి.

రేపటి మొదటి కేసు ఒత్తైన గడ్డం, గురక ఉన్నాయన. ముందే వచ్చి చెవి, రొమ్ము ఎముక పైగుంట ఒకే మట్టానికి వచ్చేలా తలగడలు సర్దిపెట్టు. మాస్కు నువ్వే రెండు చేతులతో పట్టుకో, బ్యాగు నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మేడమ్