టెక్ సందేహాలు: ఎంబ్రాయిడరీ మెషిన్‌లో నూలు దారం ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: నారాయణపేట కాటన్ జాకెట్ మీద మెరుపు లేని డిజైన్ కావాలని ఇంట్లో ఉన్న ఎంబ్రాయిడరీ మెషిన్‌కి 50 నంబరు నూలు దారం పెట్టాను. పాలియెస్టర్‌తో చక్కగా వచ్చే డిజైనే దీనితో మాటిమాటికీ తెగుతోంది. టెన్షన్ (దారం బిగువు) బాగా తగ్గించినా లాభం లేదు. మెషిన్ పాడైందా?
– కూకట్‌పల్లి పాఠకురాలు

మెషిన్‌కేం కాలేదు. ముందు టెన్షన్‌ను పాత అంకెకు తెచ్చేయండి. అందరి చెయ్యీ మొదట దాని మీదికే పోతుంది గానీ, అది ఆఖర్న చూడాల్సింది.

రీలు లేబుల్ మీద 50/2 అని ఉందా, 50/3 అని ఉందా? గీత తర్వాతి అంకె పేటల సంఖ్య. నూలు కౌంట్ లెక్కలో 590ని (కౌంట్‌ను టెక్స్ అనే మందం కొలతకు మార్చే అంకె) 50తో భాగిస్తే ఒక్కో పేట దాదాపు 12 టెక్స్, అంటే వెయ్యి మీటర్లు 12 గ్రాములు తూగుతుంది. రెండు పేటలైతే 24 టెక్స్, మూడు పేటలైతే 35. ఎంబ్రాయిడరీ డిజైన్లను సాధారణంగా 40 నంబరు పాలియెస్టర్‌కో రేయాన్‌కో సరిపోయేలా తయారు చేస్తారు. వాటి మందం 25 నుంచి 27 టెక్స్. కాబట్టి 50/2 నూలు దారం దాదాపు ఏ మార్పూ లేకుండా నడుస్తుంది, 50/3 మొరాయిస్తుంది. రెండిటి మీదా పెద్దక్షరాల్లో 50 అనే ఉంటుంది! అన్ని కంపెనీలూ ఒకే లెక్క పాటించవు కూడా. లేబుల్ మీద టెక్స్ అంకె ఉంటే దాన్నే నమ్మండి.

తెగిన కొసను వెలుతురులో పట్టుకుని చూడండి. దీపం వత్తిలా పీచులు లేచి ఉంటే ఒరిపిడి వల్ల తెగినట్టు: సూది కన్ను ఇరుకైనా కావచ్చు, డిజైన్ మరీ దట్టంగా ఉన్నా కావచ్చు. నున్నగా కోసినట్టు తెగితే రీలు అంచులో దారం చిక్కుకుంటోందేమో, టెన్షన్ ఎక్కువైందేమో చూడాలి. మీరు టెన్షన్ తగ్గించినా తెగుతోందంటే కారణం చాలావరకు ఒరిపిడే.

35 టెక్స్ దారానికి ఎంబ్రాయిడరీకి మామూలుగా వాడే 75/11 సైజు సూది చాలదు (అంకె పెరిగేకొద్దీ సూది లావు). 90/14 టాప్‌స్టిచ్ సూది వేయండి, దాని కన్ను పొడుగ్గా ఉంటుంది. 24 టెక్స్‌కు 80/12 చాలు. బేగంబజార్‌లో కొన్నా, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్నా ‘ఎంబ్రాయిడరీ సూది’ అని మాత్రమే అడగకండి. కారఖానా మెషిన్లకు వాడే గుండ్రని కాడ ఉన్న డీబీఎక్స్‌కే5 రకం చేతికిస్తే ఇంటి మెషిన్‌కు పట్టదు. ప్యాకెట్ మీద హెచ్‌ఏఎక్స్1 లేదా 130/705హెచ్ (టాప్‌స్టిచ్ అయితే 130ఎన్ కూడా కావచ్చు) అని ఉండాలి, కాడ ఒకవైపు చదునుగా ఉండాలి.

దారం ఎక్కించేటప్పుడు ప్రెషర్ ఫుట్ (గుడ్డను అదిమిపట్టే పాదం) పైకెత్తి ఉంచండి. దించి ఎక్కిస్తే దారం టెన్షన్ డిస్కుల (దారాన్ని బిగించే బిళ్లల) మధ్యకు దిగదు, గుడ్డ అడుగున ఉండలు కడుతుంది. వేగాన్ని నిమిషానికి 400 కుట్ల దగ్గర పెట్టండి. ఇవన్నీ అయ్యాక 6 మిల్లీమీటర్ల వెడల్పు సాటిన్ గీత (అటూ ఇటూ దగ్గరదగ్గరగా పడే కుట్ల పట్టీ) ఒకటి కుట్టి, తిరగేసి చూడండి. బాబిన్ దారం (అడుగు నుంచి వచ్చే దారం) మధ్యలో మూడో వంతు కనబడితే సరిపోయినట్టే. అంతకంటే తక్కువైతే పై టెన్షన్ కాస్త పెంచండి, ఎక్కువైతే తగ్గించండి. ఏదైనా ఒక్కో మెట్టే.

ప్రశ్న: డౌన్‌లోడ్ చేసిన పీఈఎస్ (ఎంబ్రాయిడరీ మెషిన్ చదివే ఫైల్ రకం) డిజైన్‌ను మందపాటి నూలు దారానికి తగ్గట్టు మార్చుకోవడం ఎలా? ఇంక్‌స్టిచ్‌లో కుదురుతుందా?
– దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడు

తేలిక దారి మెషిన్ తెర మీదే ఉంది. డిజైన్ సైజు పెంచండి, కుట్ల సంఖ్య మాత్రం పెరగకూడదు. దారం బరువు 25 నుంచి 35 టెక్స్‌కు, అంటే 40 శాతం పెరిగితే అడ్డుకొలత పెరిగేది దాదాపు 18 శాతమే. కాబట్టి 100 మిల్లీమీటర్ల పువ్వును 118కి పెంచితే, 0.40 ఉన్న కుట్ల ఎడం 0.47 మిల్లీమీటర్లు అవుతుంది. పెంచకముందు 8,000 కుట్లు చూపిస్తే పెంచాకా 8,000 దగ్గరే ఉండాలి. 11,000 దగ్గరికి పోయిందంటే సాఫ్ట్‌వేర్ కుట్లను మళ్లీ లెక్కగట్టింది, దట్టం ఎప్పటిలాగే ఉంది, పడ్డ శ్రమ వృథా.

ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో నడిచే ఇంక్‌స్టిచ్ ఉచితమే గానీ, పీఈఎస్ ఫైల్ తెరిస్తే విడివిడి కుట్ల గీతలే వస్తాయి, సాటిన్, ఫిల్ (ఖాళీని వరుస కుట్లతో నింపడం) సెట్టింగులు దొరకవు. మీరే గీసుకున్న డిజైనైతే పారామ్స్ అనే సెట్టింగుల పెట్టెలో సాటిన్ జిగ్‌జాగ్ ఎడాన్ని 0.4 నుంచి 0.47కు, ఫిల్ వరుసల ఎడాన్ని 0.25 నుంచి 0.3కు మార్చండి. 12 నంబరు లాంటి లావు దారానికి ఈ లెక్కలేవీ పనిచేయవు. దానికి ఒంటి గీతతో సాగే డిజైన్లే వెతుక్కోండి.

ప్రశ్న: బాబిన్‌లోనూ నూలు దారమే చుట్టాలా? చేతికుట్టుకు వాడే లచ్చీలు మెషిన్‌లో పనికొస్తాయా?

రెండూ వద్దు. బాబిన్‌లో మాన్యువల్ చెప్పిన 60 లేదా 90 నంబరు సన్నటి బాబిన్ దారమే ఉండనివ్వండి. పైనా కిందా నూలే అయితే డిజైన్ అట్టలా బిగుసుకుంటుంది. లచ్చీ దారం ఆరు పోగులు వదులుగా కలిసి ఉంటాయి, సూది కన్ను దగ్గరే విడిపోతాయి. మైనపు పూత ఉన్న హ్యాండ్ క్విల్టింగ్ దారం ఇంకా ప్రమాదం, ఆ పూత టెన్షన్ డిస్కులకు అంటుకుంటుంది. మెర్సెరైజ్డ్ (రసాయన శుద్ధితో నునుపు చేసినది) అని రాసి ఉన్న పొడుగు పీచు నూలు దారం అడిగి తీసుకోండి. నూలుకు తేమ ఉంటేనే బలం. కాబట్టి ఏప్రిల్, మే ఎండల్లో రీళ్లను కిటికీ దగ్గర వదిలేయకుండా జిప్ కవర్లో పెట్టండి.

ప్రశ్న: నూలు దారం వాడాక బాబిన్ దగ్గర దూది పేరుకుంటోంది. ఎంత తరచుగా శుభ్రం చేయాలి?

బాబిన్ మార్చిన ప్రతిసారీ. పవర్ ఆపి, సూది తీసి, నీడిల్ ప్లేట్ విప్పి, బాబిన్ కేస్ పైకెత్తి, కింద గుండ్రటి గాడిలో ఉన్న పీచును బ్రష్‌తో బయటికి లాగండి. నోటితోగానీ ఎయిర్ క్యాన్‌తోగానీ ఊదితే అది ఇంకా లోపలికి పోతుంది. టెన్షన్ డిస్కులకు ప్రెషర్ ఫుట్ ఎత్తి, మందపాటి దారాన్ని రెండు మడతలు చేసి, మధ్యలోంచి పై నుంచి కిందికి రెండు మూడుసార్లు లాగితే చాలు. నూనె మాత్రం మాన్యువల్ చెప్పిన చోటే వేయండి. బాబిన్ కేస్‌లో పడిన చుక్క తర్వాత కుట్టే జాకెట్ మీద మరకై తేలుతుంది.