మంత్రికి తొందరొద్దు, రాజుకు బద్ధకమొద్దు

అమ్మడూ,

ఆదివారం చెస్ టోర్నమెంట్‌కి చెన్నై వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. శనివారమే పినాకినీ ఎక్కి వచ్చేయండి, రాత్రికి మా ఇంట్లోనే.

నీ స్కోర్ షీట్ల ఫొటోలు చూశాను. రెండో ఎత్తుకే మంత్రిని హెచ్5 గడికి (నిలువు వరుసకి అక్షరం, అడ్డ వరుసకి అంకె) తెస్తున్నావు, ఎఫ్7 బంటును కొట్టి నాలుగు ఎత్తుల్లో మాట్, అంటే రాజు తప్పించుకోలేని చెక్, చేద్దామని. నెల్లూరులో ఎవరు పడ్డారో గానీ, ఇక్కడి చిన్న పిల్లకాయలు కూడా పడరు. జి6 బంటుతో తరుముతారు, ఎఫ్6కి గుర్రాన్ని దూకిస్తారు. నువ్వు మంత్రిని కాపాడుకునేలోపు వాళ్ల బలగమంతా బయటికొచ్చేస్తుంది. నడి బోర్డులో ఖాళీ దొరికితే మంత్రికి 27 గళ్ల మీద పట్టుంటుంది. ఆ ఖాళీ ఏర్పడేదాకా ఓపిక పట్టు.

ఈలోపు క్యాస్లింగ్ చేసెయ్, అదే రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరపడం. ఒక్క చెయ్యే వాడాలి, ముందు రాజునే పట్టుకోవాలి. ఏనుగును ముందు ముట్టుకున్నావంటే ఆ ఎత్తుకు ఆ వైపు క్యాస్లింగ్ లేనట్టే. నేను ఆర్బిటర్‌గా, అంటే ఆటల న్యాయనిర్ణేతగా, కూర్చున్నచోట దీనికి ఏడవని పిల్లల్లేరు.

అసలు రాయాలనుకున్నది ఇది. ఎదుటివాళ్లకి ఒంటి రాజు, నీకు రాజూ మంత్రీ మిగిలాయనుకో. చెక్ మీద చెక్ చెప్పకు, టైమ్ దండగ. ఆ రాజుకి గుర్రం ఎత్తు దూరంలో (రెండు గళ్లు నేరుగా, ఒకటి పక్కకి) మంత్రిని పెట్టు. అది ఎటు జరిగితే మంత్రినీ అటే జరుపు. ఒక్క చెక్ లేకుండానే రాజు మూలకి పోతుంది. ప్రమాదమంతా అక్కడే. వాళ్ల రాజు బి8లో, నీ మంత్రి డి7లో ఉన్నాయి. రాజు ఏ8కి జరిగింది. అలవాటు కొద్దీ నువ్వు సి7కి జరిపావో, చెక్ ఉండదు, రాజు కదలడానికి గడీ ఉండదు. స్టేల్‌మేట్! గెలిచిన ఆటకి అర పాయింట్. మంత్రిని డి7లోనే వదిలెయ్. ఆ రాజు ఏ8, బి8 మధ్య తిరుగుతుంటుంది. నీ రాజును తాపీగా బి6కి నడిపించి, అప్పుడు మంత్రిని బి7లో పెట్టు. మాట్.

నీ రాజు మూలనే కూర్చుంటే ఇది కుదరదు. మూలనున్న రాజుకి మూడు గళ్లే అందుతాయి, నడుమ ఎనిమిది. మంత్రులు రెండూ బోర్డు దిగాక రాజును ముందుకి తేవాలి. 2024లో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మన దొమ్మరాజు గుకేశ్ చివరి ఆట చూడు, చెన్నై పిల్లాడే. 55వ ఎత్తులో ఎదుటి ఆటగాడు డింగ్ లిరెన్ పొరపాటున ఏనుగును ఎఫ్2లో పెట్టాడు. రెండువైపులా ఏనుగులు పోయాయి, బిషప్పులూ పోయాయి, ఇక రాజులూ బంటులే మిగిలాయి. గుకేశ్ రాజు నడి బోర్డులో ఇ5కి చేరగానే డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు.

బోర్డు మీద డి7 మంత్రి ముగింపు వేసుకుని మీ నాన్నతో ఆడు, ఒంటి రాజు ఆయనకివ్వు. క్లాక్ పెట్టుకుని ఆడాలి సుమా. శనివారం వచ్చాక ఆ ఒంటి రాజుతో నేను కూర్చుంటాను.

మీ మామయ్య,
పెరంబూరు