బ్రెజిల్ సీటు వదులుకోవద్దు, కానీ భాష ఇప్పుడే మొదలుపెట్టించండి

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. వర్జీనియా పొగాకు పండిస్తాం. మా అమ్మాయి ఎంబీఏ మొదటి సంవత్సరంలో ఉంది. విద్యార్థుల మార్పిడి (ఎక్స్ఛేంజ్) కింద ఆగస్టు నుంచి డిసెంబరు దాకా విదేశంలో చదివే అవకాశం వచ్చింది. తోటివాళ్లకు పారిస్, మిలాన్ దక్కాయి. తనకు బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో ఎఫ్‌జీవీ అనే బిజినెస్ స్కూల్ వచ్చింది. ఫుట్‌బాల్ చూసి రావడానికా అని స్నేహితులు ఏడిపిస్తున్నారట. భాష రాదు, దొంగతనాలు ఎక్కువ అంటున్నారు. ఆరు లక్షలదాకా ఖర్చు. బ్రెజిల్‌తో మనకేం పని అనిపిస్తోంది. వెళ్లనివ్వమంటారా, మానిపించమంటారా?
– ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో ‘బ్రెజిల్‌తో మనకేం పని’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. వేలం కేంద్రంలో బేళ్లు వరుసగా పేర్చుకుని కొనుగోలుదారుల కోసం ఎదురుచూసేటప్పుడు పక్క రైతుతో మీరేం మాట్లాడుకుంటారు? ఈ ఏడు బ్రెజిల్‌లో పంట ఎలా ఉందట అనే కదా! పొగాకు ఆకు ఎగుమతిలో మూడు దశాబ్దాలుగా ప్రపంచంలో మొదటి స్థానం ఆ దేశానిదే. 2024లో మన దగ్గర ధర ఎగబాకినప్పుడు అందరి నోటా వినిపించిన కారణాల్లో అక్కడి పంట దెబ్బతినడం ఒకటి. మీ బేలు ధరలో సగం మాట ఎక్కడ నడుస్తోందో అక్కడికి మీ అమ్మాయి చదువుకోవడానికి వెళ్లబోతోంది. పంపించండి. పారిస్ వచ్చినవాళ్లను చూసి ఆ అమ్మాయి చిన్నబోవలసిన పని లేదు.

ముందు ఆ స్కూలు సంగతి. ఎఫ్‌జీవీ అంటే జెతూలియో వర్గాస్ ఫౌండేషన్. 1944లో మొదలైంది. సావో పాలోలోని దాని బిజినెస్ స్కూల్ 1954లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ఏర్పడింది. అంటే మన అహ్మదాబాద్ ఐఐఎం కంటే ఏడేళ్లు పెద్దది. బిజినెస్ స్కూళ్లకు ప్రపంచమంతా లెక్కలోకి తీసుకునే ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా గుర్తింపులు మూడూ దానికి ఉన్నాయి. ఎక్స్ఛేంజ్‌కు వచ్చేవాళ్ల కోసం ఇంగ్లిషులో చెప్పే పాఠాలూ ఉన్నాయి. కాబట్టి చదువు నాణ్యత గురించి బెంగ వద్దు.

అక్కడ ఏం నేర్చుకోవాలన్నదే అసలు విషయం. బ్రెజిల్‌లో పొగాకు ప్రధానంగా దక్షిణాన ఉన్న మూడు రాష్ట్రాల్లో పండుతుంది. పండించేవాళ్లు మీలాంటి చిన్న రైతు కుటుంబాలే. అయితే అక్కడ మనలాగా పొగాకు బోర్డు నడిపే వేలం లేదు. కంపెనీ రైతుతో ముందే ఒప్పందం చేసుకుంటుంది, విత్తనం, ఎరువు, సలహా తానే ఇస్తుంది, పంట తానే కొంటుంది. ఈ పద్ధతికి వందేళ్ల చరిత్ర ఉంది. దానిలో రైతుకు అప్పు భారం ఎంత, ఆకు గ్రేడు నిర్ణయించేది ఎవరు, ధర తేలకపోతే ఏమవుతుంది? మన వేలంతో పోలిస్తే రైతుకు ఏది మేలు? పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రిళ్లు మేలుకున్న ఇంటి పిల్ల అడిగినంత సూటిగా ఈ ప్రశ్నలు తరగతిలో మరొకరు అడగలేరు. ఒక ప్రొఫెసర్‌ను పట్టుకుని దీని మీదే ప్రాజెక్టు చేయమనండి. రేపు ఇంటర్వ్యూలో ‘బ్రెజిల్‌లో ఏం చేశావు’ అన్నప్పుడు చూపించడానికి ఆ పది పేజీలు చాలు.

ఫైనాన్స్ అంటే ఇష్టమైతే ఆ దేశం ఇంకో రకమైన పాఠశాల. 1993లో అక్కడ ద్రవ్యోల్బణం ఏడాదికి రెండు వేల శాతం దాటింది. దుకాణాల్లో ఉదయం అంటించిన ధర చీటీ మీద సాయంత్రానికి కొత్త చీటీ పడేది. 1994 జూలైలో రియాల్ అనే కొత్త కరెన్సీ తెచ్చి దానికి కళ్లెం వేశారు. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ పాఠాలు చెబుతున్నారు, కంపెనీలు నడుపుతున్నారు. 2025లో అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 15 శాతానికి చేరింది. అంత వడ్డీలో వ్యాపారం ఎలా బతుకుతుందో పారిస్‌లో ఎవరూ అనుభవం మీద చెప్పలేరు.

మీ ప్రాంతానికి ఆ దేశంతో ఇంకో చుట్టరికం ఉంది, మీకు తెలిసే ఉంటుంది. అక్కడి ఇరవై కోట్ల పైచిలుకు పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి, దాని సంకరాలే. ఆ జాతికి మూలం మన ఒంగోలు పశువు. 1960లలో ఒంగోలు పక్కనున్న కరవది నుంచి వెళ్లిన ఆబోతు పేరు అక్కడి వంశావళుల్లో ఈ రోజుకీ కనిపిస్తుంది. ‘నేను ఒంగోలు నుంచి వచ్చాను’ అని మీ అమ్మాయి అంటే, వ్యవసాయ వ్యాపారంలో ఉన్న బ్రెజిల్‌వాళ్లు కుర్చీ దగ్గరకు జరుపుకుని వింటారు. పరిచయాలకు ఇంతకంటే మంచి ఆరంభం ఏముంటుంది?

ఇక కష్టమైన మాట చెబుతాను. భాష నేర్చుకోకుండా పంపితే మీ ఆరు లక్షల్లో సగం వృథా. అక్కడివాళ్లు మాట్లాడేది పోర్చుగీసు, స్పానిష్ కాదు. తరగతి గదిలో ఇంగ్లిషు నడుస్తుంది. గది అద్దెకిచ్చే యజమానితో, మందుల దుకాణంలో, పోలీసు కార్యాలయంలో నడవదు. భాష రానివాళ్లు ఏం చేస్తారంటే ఎక్స్ఛేంజ్‌కు వచ్చిన ఇతర విదేశీయులతోనే తిరుగుతారు, రియో చూస్తారు, ఇగువాసు జలపాతం చూస్తారు, ఒక్క స్థానిక కుటుంబం ముఖం చూడకుండా తిరిగొస్తారు. ఇలా వచ్చినవాళ్లను నేను చూశాను, ఫొటోలు తప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఇప్పటి నుంచి రోజుకు గంట కేటాయిస్తే ఆగస్టుకల్లా అవసరానికి మాట్లాడగలదు. మరీ పరాయి భాషేమీ కాదని చెప్పండి. మన అలమర, బాల్చీ, తువ్వాలు, మేస్త్రీ అందులోంచి వచ్చినవే. ముక్కుతో పలికే శబ్దాలు మాత్రం వినివిని పట్టుకోవాలి. పుస్తకం కంటే రేడియో, వార్తలు మేలు.

ఈ భాష ఉద్యోగానికీ పనికొస్తుంది. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్, టీసీఎస్, పురుగుమందుల కంపెనీ యూపీఎల్ బ్రెజిల్‌లో వ్యాపారం చేస్తున్నాయి. మన ఎంబీఏల్లో పోర్చుగీసు వచ్చినవాళ్లు ఎంతమంది? అలాగని ఈ నాలుగు నెలల చదువుతో అక్కడే ఉద్యోగం వస్తుందని ఆశపడవద్దు. డిగ్రీ ఇచ్చేది ఇక్కడి సంస్థే. అక్కడ చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు ఇక్కడ కలుస్తాయా, మార్కులు సరాసరిలో చేరతాయా, ప్లేస్‌మెంట్లలో నవంబరు, డిసెంబరుల్లో ఏవైనా కంపెనీలు వస్తే దూరం నుంచి హాజరు కావచ్చా – ఈ మూడూ ఎక్స్ఛేంజ్ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగమనండి. నోటి మాట నమ్మవద్దు.

కాగితాల పని ఈ వారమే మొదలుపెట్టండి. విద్యార్థి వీసా పేరు విటెమ్-4. ఢిల్లీలోని ఎంబసీ గానీ ముంబై కాన్సులేట్ గానీ చూస్తుంది. మీరు దేని కిందికి వస్తారో కనుక్కోండి. పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి పోలీసు క్లియరెన్సు, విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేసిన జనన ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి. అక్కడ దిగాక తొంభై రోజుల్లోపు ఫెడరల్ పోలీసు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. సీపీఎఫ్ అనే పదకొండు అంకెల పన్ను సంఖ్య కూడా తీసుకోవాలి, అది లేనిదే ఫోను కనెక్షన్ తీసుకోవడం కూడా కష్టం.

ఇక్కడే మన తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. బ్రెజిల్‌లో ప్రతి కాగితం మీదా తల్లి పేరు అడుగుతారు. నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన ఒక అబ్బాయి జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ‘లక్ష్మి’ అని ఉంది. పాస్‌పోర్టులో ‘వెంకట సుబ్బలక్ష్మి’, దానికి ముందు అత్తవారి ఇంటిపేరు. ఇద్దరూ ఒకరేనని అక్కడి గుమస్తాకు ఎలా తెలుస్తుంది? మూడుసార్లు తిరిగాడు. ఇక్కడి నుంచి నోటరీ కాగితం తెప్పించి, అపోస్టిల్ వేయించి, అక్కడ అధికారిక గుర్తింపు ఉన్న అనువాదకుడితో పోర్చుగీసులోకి మార్పించాక గానీ పని కాలేదు. మీ ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరచి అమ్మాయి పేరు, మీ పేరు, ఆమె తల్లి పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే సవరణకు రేపే దరఖాస్తు పెట్టండి.

పచ్చజ్వరం టీకా మరువకండి. అది లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేశాక ధ్రువపత్రంగా ఇచ్చే పసుపు పుస్తకం పాస్‌పోర్టుతోపాటే ఉండాలి.

ఖర్చు విషయానికొస్తే, ఎక్స్ఛేంజ్ కాబట్టి ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ మళ్లీ కట్టనక్కర్లేదు. విమానం, అద్దె, తిండి, బీమా మీవి. రూపాయల్లో రియాల్ విలువ ఊగుతూ ఉంటుంది, లెక్క కాస్త ఎక్కువ రేటుతోనే వేసుకోండి. టికెట్ దుబాయ్, దోహా లేదా అడిస్ అబాబా మీదుగా తీసుకోండి. అమెరికా మీదుగా చవకని తీసుకుంటే దారిలో దిగడానికి కూడా వేరే వీసా అడుగుతారు. ఈ డబ్బు ఇంట్లో ఉన్నదైతే సరే. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేదైతే నా సలహా మారుతుంది, అప్పుడు మానిపించండి. పొగాకు ధర మీద పెట్టుకునే అప్పు ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

భద్రత గురించి మీరు విన్నది అబద్ధం కాదు. సావో పాలోలో వీధిలో ఫోను లాక్కుపోవడం మామూలు. బైకు మీద వచ్చి చేతిలోంచి లాగేస్తారు. రోడ్డు మీద ఫోను బయటికి తీయకపోవడం, రాత్రి నడవకుండా క్యాబ్ పిలవడం అక్కడి పిల్లలు కూడా పాటించే అలవాట్లే. అద్దె రెండు వేల రూపాయలు ఎక్కువైనా స్కూలుకు నడిచి వెళ్లే దూరంలో, మెట్రో పక్కన గది తీసుకోమనండి. స్కూలు అవెనీదా పౌలిస్తా అనే పెద్ద రోడ్డు దగ్గరే ఉంది, ఆ చుట్టుపక్కల విద్యార్థులు కలిసి ఉండే ఇళ్లు దొరుకుతాయి.

తిండికి ఇబ్బంది పడదు. అన్నం, చిక్కుడు గింజల కూర వాళ్లకు రోజూ ఉండాల్సిందే. తూకం హోటళ్లని ఉంటాయి, కంచంలో నచ్చినవి వడ్డించుకుని తక్కెడ మీద పెడితే బరువును బట్టి డబ్బు తీసుకుంటారు. చిక్కుడు కూరలో పంది మాంసం ముక్క వేయడం ఎక్కువ, తినకపోతే ముందే అడగాలి. మాంసం లేదు అని చెప్పి కోడి పెట్టేవాళ్లూ ఉంటారు, కోడి పేరు కూడా విడిగా అడగమనండి.

వాళ్ల గడియారం మన కంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. ఒంగోలులో రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ మధ్యాహ్నం పన్నెండు. మీ భోజనాల వేళ, ఆమె భోజనాల వేళ ఒకేసారి వస్తాయి. ఫోనుకు ఆ సమయం ఖాయం చేసుకోండి. ఆ ఏటి పంట కబుర్లు ఈసారి మీరు పక్క రైతును కాకుండా అమ్మాయినే అడగవచ్చు.