కిరాయి గదా, కో-వర్కింగ్ సీటా?

ప్రశ్న: మేము ముగ్గురం స్నేహితురాళ్లం. అమెరికా ఆసుపత్రులకు మెడికల్ బిల్లింగ్ పనిని ఇంటి నుంచే చేస్తున్నాం. ముగ్గురికీ కలిపి ఏడాదికి 14 లక్షల రూపాయల దాకా వస్తుంది. నయీంనగర్‌లో నెలకు 9 వేల కిరాయికి ఒక గది చూశాం, ఆరు నెలల అడ్వాన్సు అడుగుతున్నారు. నక్కలగుట్టలోని ఒక కో-వర్కింగ్ ఆఫీసులో, అంటే వేర్వేరు పనులవారు సీట్లు కిరాయికి తీసుకొని ఒకేచోట పని చేసుకునే ఆఫీసులో, సీటుకు నెలకు 4,500, జీఎస్టీ అదనం అంటున్నారు. మాకు ఏది మేలు?
– ఒక పాఠకురాలు, సుబేదారి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందుగా లెక్క చూద్దాం. మూడు సీట్లకు 13,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,430, మొత్తం 15,930 రూపాయలు. సేవల వ్యాపారంలో ఏడాది ఆదాయం 20 లక్షలు దాటనంత వరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు కనుక మీరు నమోదు చేసుకొని ఉండకపోవచ్చు. నమోదు లేనివారికి ఆ 2,430 ఇన్‌పుట్ క్రెడిట్‌గా (తాము కట్టవలసిన జీఎస్టీలో తగ్గింపుగా) తిరిగి రాదు, అది పూర్తిగా మీ ఖర్చే. గదితో పోలిస్తే నెలకు 6,930 ఎక్కువ పడుతున్నట్టు కనిపిస్తుంది. అయితే గదికి ఇంటి కరెంటు కాకుండా వాణిజ్య కేటగిరీ బిల్లు వస్తుంది. ఇంటర్నెట్, ఇన్వర్టర్, బల్లలు, కుర్చీలు, ఊడ్చే మనిషి జీతం, అడ్వాన్సు రూపంలో ఆగిపోయే 54 వేలు, వీటన్నిటినీ కలిపి చూస్తే ఆ తేడాలో చాలా భాగం కరిగిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు నుంచి ఊరికి వచ్చి ఇక్కడి నుంచే పని చేయడానికి అలవాటు పడినవారికీ ఇంట్లో పని సాగనివారికీ ఇలాంటి సీట్ల అవసరం పెరగడానికి ఈ లెక్కే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

కానీ మీ విషయంలో డబ్బు కంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. మీ చేతిలో ఉన్నవి రోగుల వివరాలు. అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం ఆ వివరాల గోప్యతను కాపాడే బాధ్యతను ఆసుపత్రులతో పాటు వాటి తరఫున పని చేసేవారి మీద కూడా పెడుతుంది, మీ ఒప్పందంలోనూ ఆ షరతు తప్పక ఉండి ఉంటుంది. నలుగురు తిరిగే హాలులో, పక్కవారికి తెర కనిపించే బల్ల దగ్గర, అందరూ వాడే వైఫై మీద ఆ పని చేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అందువల్ల విడి సీట్లు వద్దు. తలుపుకు తాళం పడే ముగ్గురి క్యాబిన్ దొరికితేనే, మీ క్లయింటు లిఖితపూర్వక అంగీకారం తీసుకొని, మూడు నెలలకు మించని ఒప్పందంతో చేరండి. దొరకకపోతే నయీంనగర్ గదే మేలు.

ఒప్పంద పత్రం చదివేటప్పుడు దాని మీద ‘లైసెన్స్’ అని ఉందేమో చూడండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం లైసెన్స్ అంటే వాడుకోవడానికి అనుమతి మాత్రమే. కిరాయిదారుకు ఉండే హక్కు దానిలో లేదు. నిర్వాహకుడే భవన యజమానికి కిరాయిదారు అయితే, ఆయన ఖాళీ చేసిన రోజు మీరూ ఖాళీ చేయవలసి వస్తుంది, కాబట్టి ఆయన కిరాయి గడువు ఎంతవరకు ఉందో అడగండి. అమెరికా వేళల వల్ల మీది రాత్రి పని కూడా అయి ఉంటుంది. కనుక సంతకం పెట్టేముందు ఒక రాత్రి పది గంటల తర్వాత ముగ్గురూ కలిసి వెళ్లి, మెట్ల దగ్గర లైటు, వాచ్‌మన్, ఆడవారి మరుగుదొడ్డి, కరెంటు పోయినప్పుడు జనరేటర్ అందుకునే తీరు స్వయంగా చూడండి.

ప్రశ్న: కింద మడిగెలున్న మా భవనం రెండో అంతస్తును కో-వర్కింగ్ కోసం ఐదేళ్లకు అడుగుతున్నారు. కిరాయికి బదులు ఆదాయంలో వాటా ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వాటా మాత్రమే అయితే ఒప్పుకోకండి. సీట్లు నిండినా నిండకపోయినా నెలకు ఇంత అని కనీస కిరాయి రాయించుకొని, ఆపైన వాటా అడగండి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలి, తెల్ల కాగితం మీద ఐదేళ్ల మాట చెల్లదు. నలభై మంది వచ్చి కూర్చునే అంతస్తుకు ఒకే ఇరుకు మెట్ల దారి ఉంటే, రెండో దారి వేసే ఖర్చు ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి.