డిలే సంగతి ముందు తేల్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కంట్రోలర్ డిజైన్ చదివాను. లెక్కల్లో వంక పెట్టడానికేం లేదు. డిలేని, అంటే పంపిన ఇన్‌పుట్ సిస్టమ్‌కి చేరడానికి పట్టే ఆలస్యాన్ని, మాత్రం చివర్లో సర్దుకోవచ్చులే అని వదిలేసినట్టున్నావు. నాన్‌లీనియర్ సిస్టమ్‌తో, అంటే ఇన్‌పుట్ రెట్టింపైతే ఫలితమూ రెట్టింపవుతుందని చెప్పలేని దానితో, ఆ ధీమా పనికిరాదు.

ఒక చిన్న ఉదాహరణ చేసి చూడు. సిస్టమ్ స్థితిని చెప్పే ఎక్స్ మారే వేగం, ఎక్స్ వర్గానికి ఇన్‌పుట్ కలిపితే వచ్చేంత అనుకో. ఎక్స్ 2 దగ్గర మొదలైంది, అంతకుముందు పంపిన ఇన్‌పుట్ అంతా సున్నా. సరిగ్గా 0.5 సెకనుకి ఎక్స్ అనంతానికి పోతుంది. నీ ఇన్‌పుట్ చేరడానికి 0.6 సెకను పడితే రాబోయే స్థితిని ముందే లెక్కగట్టే ప్రిడిక్టర్ ఎంత గొప్పది రాసినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. కాబట్టి నీ సిస్టమ్ డిలే గడిచేదాకా బతికుంటుందా అన్నది ముందు తేల్చు. అన్ని ప్రారంభ స్థితులకీ కుదరకపోతే ఎక్కడిదాకా కుదురుతుందో హద్దు రాయి. ఆ హద్దు చెప్పకుండా 'స్థిరంగా ఉంటుంది' అంటే నేను ఒప్పుకోను.

తర్వాత ప్రిడిక్టర్. 1957లో ఓటో స్మిత్ చూపిన పద్ధతి లీనియర్ సిస్టమ్‌లకి, అదీ వాటంతటవి స్థిరంగా ఉండేవాటికి. నీకు కావలసింది వేరు: ఇప్పటి స్థితి నుంచి మొదలుపెట్టి, దారిలో ఉన్న ఇన్‌పుట్‌లన్నీ వేసుకుంటూ మోడల్‌ని డిలే అంత ముందుకి నడిపించు. వచ్చిన స్థితిని, డిలే లేదనుకుని రాసిన కంట్రోల్ సూత్రంలో పెట్టు. పంపిన ఇన్‌పుట్‌లని గుర్తుపెట్టుకునే బఫర్‌లో నువ్వు అడిగిన ఇన్‌పుట్ కాదు, వాల్వ్‌కో మోటార్‌కో నిజంగా వెళ్లిన ఇన్‌పుట్ దాచాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

అడాప్టేషన్, అంటే మోడల్‌లోని పారామీటర్లని (స్థిరాంకాలని) నడుస్తుండగానే సవరించుకోవడం, అన్నిటికన్నా ఆఖర్న కలుపు, నెమ్మదిగా కలుపు. పారామీటర్లకి పై హద్దు, కింది హద్దు పెట్టు. ఇప్పుడు కనిపించే లోపానికి కారణం డిలే అంత వెనక ఇచ్చిన ఇన్‌పుట్ కాబట్టి అప్‌డేట్‌లో ఆ పాతదే వాడాలి. సిగ్నల్ కదలకుండా ఉంటే అప్‌డేట్ ఆపేయి. లేకపోతే నాయిస్‌ని నేర్చుకుంటూ కూర్చుంటుంది. గెయిన్ (లోపానికి ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే గుణకం) తనంతట తాను మారే వ్యవస్థలు ఎంత మొండికేస్తాయో 1967 నవంబర్ 15న అమెరికా ప్రయోగాత్మక రాకెట్ విమానం ఎక్స్-15 ప్రమాదంలో చూశాం. కారణాలు ఒకటి కాదు గానీ, విమానం ఊగిపోతున్నా అడాప్టివ్ వ్యవస్థ గెయిన్ తగ్గించలేదు. పైలట్ మైకేల్ ఆడమ్స్ చనిపోయాడు.

డిలేనే ఆన్‌లైన్‌లో అంచనా వేస్తానని రాశావు. ఇప్పుడే వద్దు. డిలే పారామీటర్‌లా నేరుగా బయటపడదు, వెతుకులాట తప్పుడు విలువ దగ్గర ఇరుక్కుపోవచ్చు. స్టెప్ టెస్టులు చేసి (ఇన్‌పుట్‌ని ఒక్కసారిగా మార్చి, స్పందన ఎప్పుడు మొదలవుతుందో చూసి), అది ఎంత నుంచి ఎంత మధ్య ఉందో ముందు పట్టుకో. నెట్‌వర్క్ మీద నడిచేదైతే ప్రతి కొలతకీ టైమ్‌స్టాంప్ వెయ్యి, సగం టెన్షన్ తగ్గుతుంది.

ఈసారి గ్రాఫులు పంపేటప్పుడు అసలు డిలేని 20 శాతం పెంచి ఒకటి, తగ్గించి ఒకటి కూడా పెట్టు. తగ్గించింది ఎందుకని అడుగుతావేమో. ప్రిడిక్టర్ వాడాక, డిలే మోడల్‌లో ఉన్నదానికన్నా తక్కువైనా సిస్టమ్ అదుపు తప్పవచ్చు.