సెక్యూరిటీ ఉద్యోగమని రష్యా పంపుతామంటున్నారు... వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా తమ్ముడు ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. రష్యాలో సెక్యూరిటీ ఉద్యోగం ఉందని, నెలకు రెండు లక్షలు వస్తాయని, ముందుగా మూడు లక్షలు కట్టాలని విశాఖలో ఒక ఏజెంట్ చెబుతున్నాడు. అక్కడికెళ్లాక ట్రైనింగ్, తుపాకీ ఇస్తారట. కాంట్రాక్టు మొత్తం రష్యన్‌లో ఉంది. ఇది కిరాయి సైనికుల పని అని మా మావయ్య గొడవ. ‘ఆర్మీలోనూ జీతానికే కదా చేశాను’ అని తమ్ముడి వాదన. చట్టం ఏమంటుంది? – ఒక అక్క

జవాబు: అమ్మా, మీ తమ్ముడిని ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. ఎందుకో చెబుతాను, అతన్నీ పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

కిరాయి సైనికుడంటే ఎవరో జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ 47వ అధికరణం చెబుతుంది. యుద్ధం చేయడానికే అతన్ని చేర్చుకుని ఉండాలి, అతను నిజంగా పోరాటంలో దిగి ఉండాలి, ఆ సైన్యంలో అదే హోదా వాళ్లకిచ్చే దానికంటే బాగా ఎక్కువ డబ్బు ఆశించి వచ్చి ఉండాలి. పోరాడే దేశాల పౌరుడు గానీ, అక్కడ నివాసి గానీ, ఆ సైన్యాల్లో సభ్యుడు గానీ కాకూడదు. వేరే దేశం తన సైనికుడిగా అధికారికంగా పంపినవాడూ కాకూడదు. ఇవన్నీ కలిస్తేనే ఆ ముద్ర పడుతుంది. బ్రిటన్ సైన్యంలో చేసే నేపాలీ గూర్ఖాలను కిరాయి సైనికులు అనకపోవడానికి కారణం ఇదే. వాళ్లు ఆ సైన్యంలో సభ్యులు. ఆఫీసుకో, గోదాముకో కాపలా కాసే మనిషికీ ఈ పేరు వర్తించదు.

ఆ ముద్ర పడినవాడు శత్రువుకు చిక్కితే యుద్ధఖైదీ హోదా అడిగే హక్కు ఉండదు. మామూలు నేరస్తుడిలా విచారిస్తారు. 1976లో ఆఫ్రికా దేశం అంగోలా 13 మంది విదేశీ కిరాయి సైనికులను తన రాజధాని లువాండాలో విచారించి, నలుగురికి మరణశిక్ష అమలు చేసింది.

అయితే మీ తమ్ముడి విషయంలో నా భయం వేరు. గార్డు, హెల్పర్ అని చెప్పి తీసుకెళ్లి, చదవలేని భాషలో నేరుగా రష్యా సైన్యంతోనే కాంట్రాక్టు చేయించిన ఉదంతాలు మన హైదరాబాద్ కుర్రాళ్లతో సహా చాలామందికి ఎదురయ్యాయి. 2024 మార్చిలో సీబీఐ ఇలాంటి ఏజెంట్ల మీద కేసు పెట్టింది. రష్యా సైన్యంలో చేరిన 126 మంది భారతీయుల్లో 96 మంది తిరిగొచ్చారని, 12 మంది చనిపోయారని, 16 మంది ఆచూకీ తెలియదని 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పింది. అలా సంతకం పెట్టినవాడు చట్టం ప్రకారం కిరాయి సైనికుడు కాడు, రష్యా సైనికుడు. నచ్చకపోతే మానేసి వచ్చే వీలుండదు.

మన చట్టం సంగతి. కిరాయి సైనికులపై 1989లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఒప్పందంలో భారత్ చేరలేదు. కానీ మనతో శాంతిగా ఉన్న విదేశీ ప్రభుత్వం మీద యుద్ధం చేస్తే భారతీయ న్యాయ సంహిత 153వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. ఉక్రెయిన్‌తో మనకు ఏ యుద్ధమూ లేదని మీ తమ్ముడికి గుర్తు చేయండి.

ఇక జీతం మాట. జీతం తీసుకోవడం తప్పని ఎవరూ అనరు. మన సైన్యంలో తుపాకీ పేలితే ఎవరి ఉత్తర్వు మీద పేలిందో రికార్డు ఉంటుంది, తప్పు చేస్తే 1950 ఆర్మీ చట్టం కింద కోర్టు మార్షల్ ఉంటుంది, దేశం జవాబు చెబుతుంది. ప్రైవేటు కంపెనీ గార్డుల విషయంలో ఈ జవాబుదారీ జారిపోతుంది. 2007లో ఇరాక్ రాజధాని బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో అమెరికా ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీ బ్లాక్‌వాటర్ గార్డుల కాల్పుల్లో 17 మంది పౌరులు చనిపోయారు. 2014లో అమెరికా కోర్టు నలుగురు గార్డులను దోషులుగా తేల్చింది. 2020లో అధ్యక్షుడు ట్రంప్ వాళ్లకు క్షమాభిక్ష పెట్టారు. తనకు ఏ పగా లేని మనుషుల మీద, ఎవరికీ జవాబు చెప్పని యజమాని కోసం తుపాకీ ఎత్తడం తప్పనే నేను నమ్ముతాను.

నిజమైన కాపలా ఉద్యోగాల్లోనూ జాగ్రత్త అవసరం. మన జిల్లా వాళ్లు ఓడల పనికి ఎక్కువగా వెళ్తారు కాబట్టి చెబుతున్నాను. 2013 అక్టోబరులో తూత్తుకుడి దగ్గర సీమన్ గార్డ్ ఒహాయో అనే కాపలా ఓడలో ఆయుధాలున్నాయని 35 మందిని అరెస్టు చేశారు. అందులో 12 మంది భారతీయులు. 2016లో కింది కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. 2017 నవంబరులో హైకోర్టు వాళ్లను నిర్దోషులని విడుదల చేసింది. ఓడలో ఆయుధాలకు ఏ దేశం లైసెన్సు ఉందో అడగకుండా ఎక్కకూడదు.

ఏజెంట్ సంగతి తేలికే. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివాడు విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపకూడదు. ఉన్నవాడైనా 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. మూడు లక్షలు అడిగాడంటేనే అతని సంగతి అర్థమవుతుంది. అతని పేరు విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందేమో చూడండి. ఫోన్ రికార్డింగులు, వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు కట్టిన రసీదులు చెరిపేయకుండా పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.

పాస్‌పోర్టు ఇప్పటికే అతని చేతిలో పెట్టి ఉంటే ముందు అది వెనక్కి తీసుకోండి. పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి, దాన్ని పట్టుకుని కూర్చునే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. మీ తమ్ముడిని శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపండి. ప్రభుత్వరంగ బ్యాంకుల గ్రూప్-సి పోస్టుల్లోనే మాజీ సైనికులకు 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. ఏ నోటిఫికేషన్లు నడుస్తున్నాయో అక్కడ చెబుతారు.